రేడియేటర్‌కి నల్ల రంగు వేస్తే ఇంజన్ చల్లబడుతుందా?

45 హెచ్‌పీ ట్రాక్టర్ రోటావేటర్ వేసినప్పుడల్లా వేడెక్కుతోంది, రేడియేటర్‌కి నల్ల పెయింట్ కొట్టిస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు. దయచేసి కొట్టించకండి. నేను కొట్టించి చూశాను.

మాదీ అదే హెచ్‌పీ బండి. నల్ల ఎనామిల్ రెండు కోటింగులు వేయించాను. మర్నాడు అరెకరం తిరక్కముందే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేసింది. టార్చి వేసి చూస్తే సన్నటి రేకుల సందుల్లో పెయింట్ గడ్డకట్టి ఉంది. గాలి పోయే దారి మూసుకుపోయింది.

పేరుకి రేడియేటర్ గానీ, అది వేడిని వదిలేది ఎక్కువగా ఫ్యాను లాగే గాలిలోకే. ఆ సైజు ఇంజన్ ఫుల్ లోడ్ మీద నీళ్లలోకి వదిలే వేడి సుమారు పాతిక కిలోవాట్లు. ఎండాకాలం 40 డిగ్రీల్లో, 90 డిగ్రీలున్న రేడియేటర్ ఎంత నల్లగా ఉన్నా, రెండు ముఖాలూ కలిపి వికిరణంగా, అంటే గాలితో పనిలేకుండా కిరణాల రూపంలో, వదిలేది 200 వాట్లు దాటదు. అంటే నూటికి ఒక్క వంతు కూడా కాదు.

పైగా ఆ వేడి విషయంలో నలుపు, తెలుపు పెయింట్లకి పెద్ద తేడా లేదు. ఇంట్లో చూడొచ్చు. స్టీలు గ్లాసుకి ఒక పక్క నల్ల ఇన్సులేషన్ టేపు, ఇంకో పక్క తెల్ల టేపు అంటించి, మరిగే నీళ్లు పోసి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టాను. వస్తువు వదిలే వికిరణాన్ని బట్టే అది డిగ్రీలు చూపిస్తుంది. రెండు టేపులూ 80కి అటూఇటూగా చూపించాయి. టేపు లేని మెరిసే స్టీలు మాత్రం 40 దగ్గరే. ముట్టుకుంటే చెయ్యి కాలింది! వేడిని వదలడంలో వెనకబడేది మెరిసే లోహం, తెల్ల రంగు కాదు. తెలుపు పనిచేసేది ఎండ దగ్గర. ఎండలో దాదాపు సగం కంటికి కనిపించే వెలుగే, దాన్ని తెలుపు వెనక్కి కొడుతుంది. డాబాకి సున్నం కొట్టేది అందుకే.

మా బండికి చివరికి ఆ పెయింట్ అంతా తీయించాల్సి వచ్చింది. మీరు ముందు ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మూత అస్సలు తీయకండి. ముందున్న జాలీ తీసి, ఫ్యాను వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెజర్‌తో గాలి కొట్టండి. ఎక్కువ పెడితే రేకులు వంగిపోతాయి. మా దాంట్లోంచి రెండు దోసిళ్ల వరి పొట్టు రాలింది. ఆ తర్వాత కూలెంట్ మట్టం, ఫ్యాను బెల్టు బిగువు చూడండి.