బాప్తిస్మం ఒక్కసారే, ప్రభురాత్రి భోజనం మాత్రం పదేపదే ఎందుకు?

బాప్తిస్మం క్రైస్తవ జీవితంలోకి ప్రవేశం కాబట్టి ఒక్కసారే తీసుకుంటారు. ప్రభురాత్రి భోజనం ఆ జీవితానికి ఆహారం కాబట్టి మళ్ళీ మళ్ళీ తీసుకుంటారు.

నీళ్ళలో మునగడం క్రీస్తుతోపాటు సమాధి కావడానికి, పైకి లేవడం ఆయనతో కొత్త జీవితానికి లేవడానికి గుర్తు అని తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాశాడు. పుట్టుక లాంటిది గనుక రెండోసారి ఉండదు. భోజనం సంగతి వేరు. సిలువకు ముందు రాత్రి యేసు రొట్టె విరిచి, ద్రాక్షరసపు గిన్నె అందించి, తన జ్ఞాపకార్థం ఇలా చేస్తూ ఉండమన్నాడు. అందులో రొట్టె, రసం నిజంగానే క్రీస్తు శరీర రక్తాలవుతాయని కాథలిక్కులు నమ్ముతారు. బాప్టిస్టుల్లో చాలామందికి అది స్మారకం. ఈ తేడా చిన్నదేం కాదు, శతాబ్దాలుగా నలుగుతున్నదే.

ఉదాహరణకు, లూథరన్ సంఘంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీటితో బాప్తిస్మం పొందిన వ్యక్తి కాథలిక్ సంఘంలో చేరితే మళ్ళీ ఇవ్వరు. బాప్టిస్టులు మాత్రం పసితనంలో పొందినదాన్ని లెక్కలోకి తీసుకోరు; అందుకే ఆ తర్వాత తామిచ్చే బాప్తిస్మం వాళ్ళ దృష్టిలో రెండోది కాదు, మొదటిదే.

పాపం చేస్తే బాప్తిస్మం రద్దవుతుందని, మళ్ళీ తీసుకోవాలని చాలామంది అనుకుంటారు. అలా కాదు, అప్పుడు కావలసింది పశ్చాత్తాపం, ఒప్పుకోలు.