మా అమ్మాయి నాతో బయటికి రానంటోంది

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 47 ఏళ్ళు. అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నెల క్రితం ఇద్దరం బీసెంట్ రోడ్డుకెళ్ళి తనకి డ్రెస్ మెటీరియల్ కొన్నాం. అట్నుంచటే గుంటూరు బస్సెక్కిద్దామని బస్టాండుకి వెళ్ళాం. ప్లాట్‌ఫాం మీద ఒకబ్బాయి నిలబడి ఉన్నాడు. జుట్టు పైకి ముడి, కళ్ళకి కాటుక, గోళ్ళకి రంగు, కింద లంగా లాంటిదేదో కట్టుకున్నాడు. “ఇదేం వేషమే, ఆడా మగా? ఇంట్లో ఎవరూ అడగరా?” అనేశాను. అతను విన్నాడు. ఒకసారి మా వైపు చూసి, బ్యాగు తీసుకుని అవతలికి వెళ్ళిపోయాడు. “నీతో ఇంకెప్పుడూ బయటికి రానమ్మా” అని మా అమ్మాయి బస్సెక్కేసింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే “ఆ, తిన్నా” అని పెట్టేస్తోంది. పోయినవారం వాట్సాప్‌లో ఫొటో చూస్తే జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది. నాకు ఒకటే టెన్షన్. మనసులో అనిపించింది పైకి అన్నాను, అదంత నేరమా? కన్ను అటే పోతే ఏం చెయ్యను? ఇదీ అలా తయారైతే నలుగురూ ఏమంటారు? ఆ మెటీరియల్ ఇంకా కవర్లోనే ఉంది. కుట్టించి పంపితే మెత్తబడుతుందంటారా?

— ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో “అతను విన్నాడు” అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. ఆ మాట మీరు రాయకుండా వదిలేయొచ్చు, నాకు తెలిసేది కాదు. రాశారంటే అది మిమ్మల్ని లోపల తొలుస్తోందన్నమాట. మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళే దారి కూడా అక్కడే ఉంది. ముందు మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెబుతాను.

కన్ను అటు పోవడం తప్పు కాదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో ఒక పరిశోధన చేశారు. ముఖాల ఫొటోలు సెకనులో పదోవంతు సేపు మాత్రమే చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా, ఇష్టపడొచ్చా అని అడిగారు. అంత కొద్ది సేపట్లోనే జనం ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఇంకాస్త టైం ఇచ్చి చూపించినా ఆ నిర్ణయం పెద్దగా మారలేదు, తాము అనుకున్నదే సరైందన్న నమ్మకం మాత్రం పెరిగింది. కాబట్టి మొదట కలిగే ఆ ఉలికిపాటు మన చేతిలో ఉండదు. నోరు మాత్రం మన చేతిలోనే ఉంటుంది. మీరు అనుకున్నదానికి మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. అతనికి వినపడేలా అన్నారు, బాధ అక్కడుంది.

ఒక్కసారి మన ఊరి రోడ్లే గుర్తు తెచ్చుకోండి. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు, మాసిన గడ్డం, చెప్పుల్లేని కాళ్ళతో ఎంతమంది మగవాళ్ళు తిరుగుతారు! పక్కకి జరిగి “స్వామీ, మీరు వెళ్ళండి” అంటాం. భవానీ దీక్షలు విరమించే రోజుల్లో బస్టాండు నుంచి ఇంద్రకీలాద్రి దాకా ఎటు చూసినా ఎర్రబట్టలే. ఎవరికీ వింతగా ఉండదు, పైగా కన్నులపండుగ. ఆడవాళ్ళు గుండుతో కనిపిస్తే “తిరుపతి వెళ్ళొచ్చారా?” అని ఆప్యాయంగా పలకరిస్తాం. అదే ఆడపిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే మాత్రం మనకి గుబులు పుడుతుంది. గుండు అయితే మొక్కు, బాయ్ కట్ అయితే పొగరు. రెండిట్లోనూ పోయింది జుట్టే కదమ్మా. మొదటిదానికి మనకి కారణం తెలుసు. రెండోదానికి తెలియదు, అడగడానికి మనకి హక్కూ లేదు.

మీ వయసువాళ్ళే కొందరు నాతో చెప్పుకున్నారు, పెళ్ళికి ముందు మొదటిసారి పంజాబీ డ్రెస్ వేసుకుని కాలేజీకి వెళ్తే వీధి అరుగుల మీంచి ఎన్ని మాటలు పడ్డారో. నైటీ వేసుకుని గుమ్మంలోకి వచ్చినందుకు అత్తగారి చేత తిట్లు తిన్నవాళ్ళున్నారు. ఇప్పుడు పొద్దున్నే నైటీ మీద తువాలు వేసుకుని కూరగాయల బండి దగ్గర బేరమాడని వీధి విజయవాడలో ఉందా? మీకూ ఇలాంటిది ఏదో ఒకటి జరిగే ఉంటుంది. ఆ రోజు మిమ్మల్ని చూసి ఎవరేమన్నారో గుర్తు చేసుకోండి. ఇన్నేళ్ళయినా ఆ మాట, ఆ గొంతు గుర్తుంటే, ఆ అబ్బాయికి మీ గొంతు ఎన్నేళ్ళు గుర్తుంటుందో మీకే తెలుస్తుంది.

ఇలాంటి చోట చాలామంది ఒక సలహా ఇస్తారు: “పాపం, అతనికి ఏం కష్టముందో, ఏ జబ్బుందో, తెలియకుండా అనకూడదు” అని. మంచి మనసుతో చెప్పే మాటే, కానీ నేను ఒప్పుకోను. కష్టం ఉంటేనే క్షమిస్తామా? ఏ కష్టమూ లేక, గోళ్ళకి రంగు ఇష్టమై వేసుకున్నవాడైతే అనొచ్చా? అతను ట్రాన్స్‌జెండర్ కావచ్చు, కళాకారుడు కావచ్చు, ఉత్త సరదా కావచ్చు. మనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన తీర్పులో, తన లింగ గుర్తింపును దుస్తుల ద్వారా, మాట తీరు ద్వారా చూపించుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. బస్టాండులో బస్సు కోసం నిలబడ్డ మనిషి మనకి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఈ విషయంలో నేనూ తప్పు చేశాను. కొన్నేళ్ళ క్రితం గుంటూరు నుంచి విజయవాడకి ప్యాసింజర్‌లో వస్తున్నాను. నంబూరులో ఒక కుర్రవాడు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. మెడ మీద, రెండు చేతుల మీద పచ్చబొట్లు, చెవులకి పోగులు, జుట్టుకి ఎర్ర రంగు. నేను ఆలోచించను కూడా లేదు, హ్యాండ్‌బ్యాగ్ తీసి కిటికీ వైపు పెట్టుకున్నాను. అతను చూశాడు. ఏమీ అనలేదు. జేబులోంచి చేతులు తీసి రెండు మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు, నాకు కనపడేలా. మంగళగిరి దాటింది, కృష్ణా కెనాల్ దాటింది, ఆ చేతులు కదల్లేదు. ఫోన్ మోగితే కూడా తీయలేదు. విజయవాడలో దిగి వెళ్ళిపోయాడు. అంతే జరిగింది. అతను నాకు సాయం చేసిందీ లేదు, గొప్పవాడని తర్వాత తెలిసిందీ లేదు. కానీ ఇలా చేతులు చూపించుకుంటూ ప్రయాణం చేయడం అతనికి అలవాటైపోయిందని ఆ రోజు అర్థమై ఏడుపొచ్చింది. “సారీ బాబూ” అని ఒక్క మాట అనడానికి ఇరవై నిమిషాలకి పైగా టైముంది. అనలేకపోయాను.

ఆడపిల్ల తల్లిగా మీకు భయం ఉంటుంది, కాదనను. అయితే ఆ భయాన్ని బట్టల మీద పెట్టకండి, నడవడిక మీద పెట్టండి. వెంటపడుతున్నాడా, మీదమీదకి వస్తున్నాడా, తాగి గొడవ చేస్తున్నాడా, ఇవి చూసుకోండి. సిటీ బస్సులో చెయ్యి వేసేవాడు చక్కగా ఇన్‌షర్ట్ చేసుకునే వస్తాడని మన ఆడవాళ్ళందరికీ అనుభవమే. జాతీయ నేర గణాంకాల్లో చాలా ఏళ్ళవి చూస్తే అత్యాచారం కేసుల్లో 10లో 9కి పైగా నిందితుడు ఆ మనిషికి ముందే తెలిసినవాడే. వింత బట్టల పరాయివాడి మీద కాపలా పెడితే మన జాగ్రత్తంతా తప్పు చోట ఖర్చయిపోతుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. “ఇదీ అలా తయారైతే” అని రాశారు. తను మీ నోట విన్నది సరిగ్గా అదే. మీరు ఆ అబ్బాయిని అన్నారు, తను తన గురించి విన్నది. రేపు నాకు నచ్చినట్టు నేనుంటే, నచ్చినవాళ్ళని ఇంటికి తీసుకొస్తే, మా అమ్మ ఇలాగే అంటుందన్నమాట అనుకుని ఉంటుంది. జుట్టు ఎందుకు కత్తిరించుకుందో నాకు తెలియదు. హాస్టల్లో నీళ్ళు పడక ఊడుతోందేమో, అందరూ చేయించుకుంటున్నారేమో. ఆ ఫొటో చూసి “ఎవరిని చూసి నేర్చుకున్నావ్?” అని మాత్రం అడగొద్దు. అడిగితే ఆ “తిన్నా” కూడా వినపడదు.

నలుగురూ ఏమంటారన్నదానికి ఒక్క మాట. బస్టాండులో ఆ రోజు ఆ నలుగురూ మీరే. మిగతావాళ్ళు ఎవరి బస్సు కోసం వాళ్ళు చూసుకుంటున్నారు. మీ అమ్మాయి హెయిర్ కట్ గురించి మీ వీధి ఒక సాయంత్రం మాట్లాడుకుంటుంది, ఆ తర్వాత ఇంకో కబురు దొరుకుతుంది. ఆ సాయంత్రం మీరు “దానికి నప్పింది” అంటే మాట అక్కడితో ఆగిపోతుంది.

ఫోన్లో ఈ మాటలు వద్దు. ఈ శనివారం గుంటూరు వెళ్ళండి. ఒక గంటే కదా ప్రయాణం. తను హాస్టల్ గేటు దాకా వస్తే చాలు, బయటికి రమ్మనొద్దు. “ఆ రోజు ఆ అబ్బాయిని అలా అనకుండా ఉండాల్సింది. అతను విన్నాడు. నాకు బాధగా ఉంది” అని చెప్పి ఆపేయండి. “కానీ” అన్న మాట మీ నోట రాకూడదు. “నీ మంచి కోసమే” అనీ అనొద్దు. తను ఏమీ అనకపోవచ్చు, ఏడవొచ్చు, “ఇప్పుడు తెలిసిందా?” అని ఎగరొచ్చు. పడండి. మీరు క్షమాపణ అడగడం మీ అమ్మాయి ఇప్పటిదాకా చూసి ఉండదేమో, కుదుటపడటానికి కాస్త టైం పడుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో మళ్ళీ ఎవరో ఒకరు కనిపిస్తారు. కన్ను అటు పోతుంది. పోనివ్వండి. అలాంటప్పుడు నేను చేసే పని ఒకటుంది, ఆ మనిషి చేతిలో ఏముందో చూస్తాను. క్యారియరో, మందుల చీటీయో, చంటిదాని పాలసీసానో ఏదో ఒకటి ఉంటుంది. అది చూశాక నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోతుంది. మొదట్లో కష్టమే. నాకు చాలాకాలం పట్టింది.

ఆ డ్రెస్ మెటీరియల్ మీరు కుట్టించకండి. కవరుతో సహా తీసుకెళ్ళి తన చేతికివ్వండి, కుట్టుకూలి డబ్బులు కూడా ఇవ్వండి. గుంటూరులో టైలర్లకేం తక్కువ లేదు. చేతులు ఎంత పొడుగు, మెడ ఎంత లోతు అన్నది తనే చెప్పుకుంటుంది.