ఫైబర్ వైరు మనమే తీసి పెట్టుకోవచ్చా అంటే

"రౌటర్ని హాల్లోంచి మేడ మీదకి మార్చాలి, ఫైబర్ వైరు నేనే పెట్టుకోవచ్చా, షాక్ కొడుతుందా" అని అడిగారు. కొట్టదు. దాంట్లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. మార్చుకోవచ్చు కూడా, నాలాగ కాకపోతే చాలు.

మాది విజయనగరం. సిరిమాను పండక్కి చుట్టాలంతా దిగారు, ముందురోజు తొలేళ్ల నాడు పొద్దున్నే మా బావమరిది పిల్లలు మేడ మీద వైఫై రావట్లేదని ఒకటే గోల. గంటస్తంభం దగ్గర కొట్లో పదిహేను మీటర్ల ప్యాచ్ కార్డు, అంటే రెండు కొసలా ప్లగ్గులున్న ఫైబర్ వైరు, కొనుక్కొచ్చి, కింద గోడ మీదున్న పెట్టెలో పాతది పీకి ఇది గుచ్చాను. టక్‌మంది కూడా. పైన రౌటర్‌లో మాత్రం ఎర్ర లైటు. పీకి నొక్కి, పీకి నొక్కి, గడియ బిగించినట్టు నాలుగుసార్లు చేశాను. మధ్యలో పైకెళ్లి చూద్దును కదా, చిన్న గుంటడు వైరు కొస ఊడదీసి కంటికి ఆనించుకుని "లైటేమీ లేదు మామయ్యా" అంటున్నాడు! ఇంటర్నెట్ మోసుకొచ్చే ఆ 1490 నానోమీటర్ల వెలుతురు కంటికి కనపడదు. ఇంటికి చేరేసరికి బలం తగ్గిపోతుంది నిజమే, అయినా ఆ కొస కంటికెదురుగా పెట్టకూడదంతే.

కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, పండగ పూట ఎవడొస్తాడు? మనిషి రాకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజీ మాత్రం వచ్చింది. మూడో రోజు వచ్చిన కుర్రాడు పెట్టె తెరిచి "ఏటి మాస్టారూ, పచ్చదాన్లో నీలం దూర్చీసారు" అన్నాడు. వైరు కొసనుండే ప్లగ్గుని మూతి అంటారు, పచ్చ మూతి లోపలి గాజు 8 డిగ్రీల ఏటవాలుగా ఉంటుందట, నీలానిది అలా కాదు. సైజు ఒకటే కాబట్టి దూరుతుంది, గాజుకి గాజు సరిగ్గా అతకదు. వెలుతురు బలం కొలిచే మీటరులో మైనస్ 31 చూపించింది, మైనస్ అంకె ఎంత పెరిగితే వెలుతురు అంత తక్కువన్నమాట, మైనస్ 27 దాటితే ఈ రౌటర్ డబ్బాలు చేతులెత్తేస్తాయి. నా నొక్కుడికి పెట్టె లోపలి వైరు కొస గీసుకుపోయిందని కోసి కొత్త మూతి వేశాడు, ఆల్కహాల్‌తో తుడిచి పచ్చ కార్డు పెట్టాడు, మైనస్ 21. కాబట్టి రంగు చూసి కొనండి, కొసకుండే దుమ్ము మూతని సరిగ్గా గుచ్చేముందే తీయండి, గట్టిగా మడవకండి.

అసలు నా కోపం వేరే. ఆ కోసిన గాజు ముక్కలు వరండాలోనే వదిలేసి పోయాడు. వెంట్రుక మందం, అద్దంలా తేట, ఎవరికి కనపడతాయి? మా ఆవిడ మడమలో దిగితే రెండు రోజులు టార్చీ, పిన్నీసు పట్టుకుని కూర్చున్నాను. టేపుతో అద్ది తీసేస్తే అయిపోయేది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు టేపు చుట్ట చేతిలో పెడుతున్నాను, మొహం మాడ్చుకుంటున్నారు.