నానమ్మ ఎత్తుకోవచ్చు, ఫోన్ మాత్రం ఇవ్వొద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. అత్తమ్మ, మామయ్యలతో కలిసే ఉంటాం. మా బాబుకు ఏడాది ఎనిమిది నెలలు. పొద్దున లేచింది మొదలు ఒక్క నిమిషం కుదురుగా ఉండడు. గిన్నెలన్నీ కింద పడేస్తాడు, కూలర్ ఎక్కబోతాడు, గేటు తీసి ఉంటే చాలు రోడ్డు మీదికి ఉరుకుతాడు. మాటలు కొన్ని వచ్చు. కాకి వాలితే వేలుపెట్టి చూపించి నా వైపు తిరిగి 'కాకా' అంటాడు. పాలు సీసాతో రోజుకు నాలుగైదు సార్లు తాగుతాడు కానీ అన్నం తినడు, ఫోన్ పెడితేనే నోరు తెరుస్తాడు. నేను వద్దన్నది అత్తమ్మ దగ్గరికి వెళ్లి ఏడ్చి సాధించుకుంటాడు. మామయ్యను చెంప మీద కొడితే అందరూ నవ్వుతారు. నన్ను కొట్టినప్పుడు నేను కోప్పడితే 'పసివాడికేం తెలుసు' అంటారు. మా తోడికోడలి కూతురు ఈ వయసులో పెట్టిన చోట కూర్చునేదట. పక్కింటామె అయితే వీడు హైపర్ అనేసింది.

మొన్న మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి బియ్యం డబ్బా ముందు కూర్చున్నాడు. గుప్పిట నిండా తీసి, ఒక్కో వేలూ విప్పుతూ నేల మీద పోస్తున్నాడు. సగం డబ్బా ఖాళీ. కోపం ఆపుకోలేక వీపు మీద గట్టిగా కొట్టాను. వాడు వెంటనే ఏడవలేదు, నా మొహంలోకి చూశాడు. రాత్రి నేనే ఏడ్చాను. మా ఆయన తొమ్మిదింటికి వచ్చి 'పిల్లలన్నాక అంతే' అంటారు. కొన్నాళ్లు దేవరకొండలో మా తల్లిగారింటికి వెళ్లిపోదామనిపిస్తోంది. నా పెంపకంలోనే లోపం ఉందా? వాణ్ని డాక్టర్‌కు చూపించాలా?

– ఒక సోదరి

జవాబు: ముందు ఆ హైపర్ సంగతి తేల్చేద్దాం. అది మనసులో ఉండగా నేను ఇంకేం చెప్పినా మీ చెవికెక్కదు. హైపర్ అని జనం అనే ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకు అనే సమస్య ఉందో లేదో అన్నది డాక్టర్లు సాధారణంగా నాలుగేళ్లు నిండాకే చూస్తారు. ఈ వయసులో చూడాల్సినవి వేరే. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా? నచ్చినదాన్ని వేలుపెట్టి చూపిస్తున్నాడా? నాలుగు మాటలైనా వచ్చాయా, వచ్చినవి పోకుండా నిలిచాయా? కాకిని చూపించి మీ వైపు తిరుగుతున్నాడని రాశారు చూడండి, నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది. తను చూసింది అమ్మ కూడా చూడాలని వాడికి ఉంది. ఇలాంటివి లేని పిల్లలైతే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 'వాళ్ల నాన్నకూ మాటలు లేటే' అని ఇంట్లోవాళ్లు చెప్పే కబురు విని ఆగకూడదు. పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎప్పుడొస్తారో టీచర్‌ను అడిగి మీవాణ్నీ తీసుకెళ్లండి, పైసా ఖర్చు లేదు. ఆ పరీక్ష చాలు, పక్కింటామె మాట పక్కన పెట్టేయండి.

ఇక తోడికోడలి కూతురు. ఎదిగిపోయిన పిల్లల అల్లరి ఎవరికీ గుర్తుండదు. నిజంగానే ఆ పాప నెమ్మదస్తురాలైనా, దాన్నిబట్టి మీ పెంపకానికి మార్కులు వేయడం కుదరదు. ఒకే తల్లి కన్న ఇద్దరు పిల్లలే ఒకలా ఉండరు.

ఆ బియ్యం డబ్బా దగ్గర మీవాడు చేస్తున్నది ఈ వయసు పిల్లలందరూ చేసే పనే. తీయడం, పోయడం, మళ్లీ నింపడం, పడితే ఎలా చప్పుడవుతుందో వినడం. మీరు వద్దంటే ఆ పని మానడు, చోటు మారుస్తాడు, అంతే. అందుకని డబ్బాను పై అరలో పెట్టేసి, ఆ పనేదో మీరే వాడికి ఇవ్వండి. వాకిట్లో పాత చాప వేసి, వెడల్పాటి పళ్లెంలో రెండు గుప్పిళ్ల బియ్యం, ఒక స్టీలు గ్లాసు, చిన్న గరిటె పెట్టి కూర్చోబెట్టండి. మీరు కూరగాయలు తరుగుతూ పక్కనే ఉండండి. అయిపోయాక చిన్న చీపురు చేతికివ్వండి, ఊడ్చినట్టు నటిస్తాడు, మీరు ఊడుస్తారు. అరగంట ఇల్లు ప్రశాంతం.

బియ్యం బదులు పల్లీలు, శనగలు, బఠానీలు మాత్రం వద్దు. మన నల్గొండ, పాలమూరు ఇళ్లలో పల్లీలు లేని రోజుండదు, పెద్దవాళ్లు నములుతూ ముద్దుగా ఒక గింజ పిల్లాడి నోట్లోనూ పెడతారు. అది గొంతులో అడ్డుపడితే ఊపిరి ఆగిపోతుంది. నాలుగైదేళ్లు వచ్చేదాకా పల్లీ అంటే పొడి చేసి పెట్టాల్సిందే. ద్రాక్ష పండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టాలి. ఈ మాట మామయ్యకు కూడా చేరేలా చూడండి.

కొట్టిన సంగతి మనసులో పెట్టుకుని కుమిలిపోతున్నారు. ఒక దెబ్బతో పిల్లాడి బతుకు పాడైపోదు, మీరు చెడ్డ తల్లి అయిపోరు. కానీ బియ్యం పోసినందుకు దెబ్బ పడిందన్న లెక్క వాడి వయసుకు అందదు. కోపమొస్తే చెయ్యెత్తాలన్నది మాత్రం ఇట్టే పట్టుకుంటాడు. ఈసారి అంత కోపం వచ్చినప్పుడు వాణ్ని అత్తమ్మ ఒళ్లోనో, దెబ్బ తగలని చోటో కూర్చోబెట్టి, మీరు పక్క గదిలోకి వెళ్లి గ్లాసు నీళ్లు తాగి రండి. ఆ రెండు నిమిషాలు వాడు ఏడ్చినా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు, నాలుగు రకాల చట్టాలు. అమ్మ వద్దంటుంది, నానమ్మ ఇస్తుంది, తాత నవ్వుతాడు, నాన్న తొమ్మిదింటికి వచ్చి ఎగరేసి ఆడిస్తాడు. పిల్లాడు తెలివైనవాడు కాబట్టి ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో కనిపెట్టేశాడు. దీనికి మీరు అత్తమ్మ మీద కోపం పెంచుకుంటున్నట్టు ఉత్తరమంతా కనిపిస్తోంది. కానీ ఆమె చేస్తున్నవాటిలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఏడ్చే మనవణ్ని ఎత్తుకుని ఓదార్చడం ఒకటి, మీరు వద్దన్న వస్తువు తెచ్చి చేతికివ్వడం రెండోది. మొదటిదానికి మీరు అడ్డుపడకండి. మీరు వద్దన్నప్పుడు కూడా తనను ఎత్తుకునే చేయి ఇంట్లో ఉందంటే వాడు తొందరగా తేరుకుంటాడు, మీకూ కాస్త ఊపిరాడుతుంది. ఆపాల్సింది రెండోది ఒక్కటే.

ఇది గొడవ నడుస్తుండగా చెప్పే మాట కాదు. పిల్లాడు నిద్రపోయాక, చాయ్ ఇచ్చి పక్కన కూర్చుని చెప్పండి: 'అత్తమ్మా, నేను వద్దన్నప్పుడు వాడు మీ దగ్గరికే వస్తాడు, మీరు ఎత్తుకోండి, బయటికి తీసుకెళ్లి కాకినో కుక్కనో చూపించండి. ఆ వస్తువు మాత్రం ఇవ్వకండి.' 'మీ ముద్దు వల్లే వీడు చెడిపోతున్నాడు' అన్న మాట ఎంత నోటిదాకా వచ్చినా మింగేయండి. ఆ మాట అన్నాక ఆమె మీ ఒక్క మాటా వినరు, ఇంట్లో లొల్లి ఒకటి మిగులుతుంది.

అన్నింటికీ కట్టుబాట్లు పెట్టుకుంటే ఏదీ నిలవదు. మీ ఇంటికి మూడు చాలు. అన్నం దగ్గర ఫోన్ లేదు. ఎవరినీ కొట్టడం లేదు. గేటు దాటాలంటే పెద్దవాళ్ల చేయి పట్టుకోవాలి. మిగతా వాటిలో నానమ్మ తాతలు ఎంత గారాబం చేసుకుంటారో చేసుకోనివ్వండి. కొట్టడం విషయంలో మొదట మారాల్సింది మామయ్య. ఒక చెంప మీద కొడితే నవ్వులు, ఇంకో చెంప మీద కొడితే తిట్లు వస్తుంటే వాడికి ఏం అర్థం కావాలి? కొట్టిన వెంటనే ఆ చేయి మెల్లగా పట్టుకుని 'కొట్టొద్దు, నొప్పి' అని మామూలు గొంతుతో చెప్పి కిందికి దించేయాలి. నవ్వకూడదు, తిరిగి కొట్టకూడదు. అందరూ ఒకేలా చేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. నలుగురిలో ఒక్కరు నవ్వినా మొదటికే వస్తుంది.

అన్నం గురించి ఇంటిల్లిపాదికీ కొంచెం లెక్క తెలియాలి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఇంచుమించు తొమ్మిది కిలోలవుతాడు. రెండో ఏడాది మొత్తం పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. పైగా మీవాడు నాలుగైదు సీసాల పాలు తాగుతున్నాడు, ఇక కడుపులో అన్నానికి చోటెక్కడ? పాలు రోజుకు అరలీటరు దాటనివ్వకండి, అదీ గ్లాసుతోనే. పాలే ఎక్కువైతే ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది. ఆశా కార్యకర్తను అడగండి, ఐదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ ఇస్తారు. అంగన్‌వాడీలో చిన్నపిల్లల కోసం ఇచ్చే పోషకాహార పిండి, బాలామృతం, నెలకు 2.5 కిలోలు. దాన్ని చాలా ఇళ్లలో పెద్దపిల్లలు లడ్డూలు చేసుకుని తినేస్తారు, చిన్నవాడికి దక్కేలా చూడండి.

ఫోన్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూటిగానే చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అలవాటు చేయొద్దని. బొమ్మలు చూస్తూ తినే పిల్లాడికి ఏం తింటున్నాడో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. మీరు తినేటప్పుడే వాడికీ ఓ పళ్లెం పెట్టండి. పప్పు కలిపిన మెత్తటి అన్నం, లేదంటే పాలలో నానబెట్టిన జొన్నరొట్టె, ఉడికించిన గుడ్డు ముక్కలు. చేత్తో వాడే తిననీయండి. సగం నేలపాలవుతుంది, కింద పాత చీర పరిస్తే సరిపోతుంది. ఇరవై నిమిషాలకో అరగంటకో తిన్నంత చాలని పళ్లెం తీసేయండి, గిన్నె పట్టుకుని వాడి వెంట వాకిలంతా తిరగొద్దు. మొదటి వారం ఏడుపులు తప్పవు, 'పిల్లాడు చిక్కిపోతున్నాడు' అన్న మాటలూ తప్పవు. అంగన్‌వాడీలో బరువు తూయించి కార్డు అత్తమ్మకే చూపించండి. మీరు చెప్పేదానికంటే ఆ కాంటా మాటకే ఎక్కువ విలువ ఉంటుంది.

కూలర్, గేటు అని రాశారు కాబట్టి ఒకటి. ఒకసారి మీరే వాడి ఎత్తున నేల మీద కూర్చుని ఇల్లంతా చూడండి. వైర్లు, దోమల మందు సీసా, కత్తిపీట, వార్చిన గంజి. అన్నింటికంటే ముఖ్యం నీళ్లు. సంపు మూత ఎప్పుడూ వేసే ఉండాలి, బకెట్‌లో నీళ్లు నిల్వ ఉంచొద్దు. ఈ వయసు పిల్లాడు తలకిందులుగా పడితే జానెడు నీళ్లలోంచి కూడా లేవలేడు, అరవలేడు. ప్రమాదమైనవన్నీ పైకి ఎక్కిస్తే రోజంతా మీరు అనే 'వద్దు'లు సగానికి సగం తగ్గుతాయి, మిగిలిన వాటిని వాడు లెక్కచేస్తాడు.

మీ ఆయన గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకైతే అదే పెద్దదనిపించింది. వడ్ల సీజన్‌లో మిల్లు పని ఎలా ఉంటుందో మిర్యాలగూడలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆయన అలసిపోయి వస్తారన్నదీ నిజమే. అయినా పొద్దున స్నానం చేయించడం ఆయన పని చేయండి. సాయం కాదు, ఆయన పని. ఆ అరగంట మీరు వేలు పెట్టొద్దు, చెవి వెనక సబ్బు మిగిలినా సరే. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక పార్కుకో, వాళ్ల అక్క ఇంటికో ఆయనే తీసుకెళ్లాలి, మీరు లేకుండా. రాత్రి తొమ్మిదింటికి వచ్చి పిల్లాణ్ని ఎగరేసి ఆడిస్తే పదకొండు దాకా నిద్రపోడు. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లలు మత్తుగా ఉండరు, ఇంకా ఎక్కువ ఉరుకుతారు. అత్తమ్మకు ఏదైనా గట్టిగా చెప్పాల్సి వస్తే అది కూడా ఆయన నోటి నుంచే రావాలి, ఆయన తల్లి కదా.

తల్లిగారింటికి తప్పకుండా వెళ్లండి. అలిగి వెళ్లకండి, పది రోజులని తారీఖు చెప్పి వెళ్లండి. మీ అమ్మగారికి పిల్లాణ్ని అప్పగించి కడుపునిండా నిద్రపోండి. అక్కడ కూడా ఆ మూడు కట్టుబాట్లు నడవాలి సుమా, అమ్మమ్మలు నానమ్మలకేం తీసిపోరు.

మీ ఒంటి సంగతీ చూసుకోండి. ఒకసారి దవాఖానలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, రక్తం తక్కువగా ఉంటే చిన్న పనికే నీరసం, చిరాకు వస్తాయి. ఏడుపు, దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక్కటి. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా) బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా రాకుండా) రెండో డోసు వేయించాలి. టీకాల కార్డు తీసి చూడండి, పడకపోతే వచ్చే బుధవారమో శనివారమో టీకాలకు మీ ఆయన్నే తీసుకెళ్లమనండి. లైన్‌లో గంటసేపు వాణ్ని ఆయనే పట్టుకుని కూర్చోవాలి.