సెమినార్‌కు ముందు ఆ అంకె దగ్గర కాసేపు ఆగు

అమ్మా లావణ్యా,

భారీ న్యూట్రినోల మీద, అంటే తొలి విశ్వంలో ఉండేవని ఊహించే బరువైన కణాల మీద, సెమినార్ తీసుకున్నావని మీ నాయన చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంబరం. అనంతపురంలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, నాలుగు మాటలు చెప్పనీ.

మొదటి స్లైడ్‌లోనే లగ్రాంజియన్ అనే పెద్ద సూత్రం పెట్టొద్దు. ఒక అంకె రాసి ఆగు: విశ్వంలో 1000 కోట్ల ఫోటాన్లకు (వెలుగు కణాలకు) ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి సుమారు 6. పదార్థం, దానికి ఎదురు ఛార్జీలున్న ప్రతిపదార్థం ఎదురెదురు పడి వెలుగైపోగా ఆ కాస్తే మిగిలింది. మన పెన్న, గుత్తి కోట, నువ్వూ నేనూ అంతా ఆ మిగులే. అది ఎందుకు మిగిలింది అన్నదే నీ ప్రశ్న; భారీ న్యూట్రినోలు దానికి ఒక జవాబు కావచ్చు.

అట్లా మిగలాలంటే ఏమేం కావాలో భౌతికవేత్త సఖరోవ్ 1967లో చెప్పిన మూడు షరతుల్లో పిల్లలు తడబడేది మూడోదాని దగ్గరే: విశ్వం సమతాస్థితి తప్పాలి. సమతాస్థితిలో భారీ న్యూట్రినోలు ఎన్ని విరిగితే అన్నీ తిరిగి పుడతాయి. బస్టాండులో దిగినంతమందీ ఎక్కుతుంటే జనం లెక్క మారదు కదా, అట్లా. విశ్వం చల్లబడ్డాక వాటిని మళ్లీ పుట్టించే వేడి ఉండదు. అప్పుడు విరిగినవి విరిగినట్టే, వచ్చిన తేడా నిలబడిపోతుంది.

న్యూట్రినో అంత తేలిక ఎందుకో చెప్పే సీ-సా మెకానిజానికి మన ఏతం చాలు. ఒక కొస ఎంత కిందికి దిగితే రెండోది అంత పైకి లేస్తుంది. భారీ న్యూట్రినో ఎంత బరువైతే మనకు తెలిసిన న్యూట్రినో అంత తేలిక. ఈ తేలిక న్యూట్రినోకు బరువుందని 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే ప్రయోగం చూపింది. ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా లేదు!

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. ఒకసారి ఒక కాలేజీలో ఫుకుగిటా, యనగిదాల 1986 ఆలోచన వివరించా. భారీ న్యూట్రినో తనకు తానే ప్రతికణం కాబట్టి లెప్టాన్లుగానూ (ఎలక్ట్రాన్, న్యూట్రినోల జాతి) ప్రతిలెప్టాన్లుగానూ రెండు వైపులా విరగగలదు, ప్రతిలెప్టాన్ల వైపు కొంచెం ఎక్కువ మొగ్గితే చాలు అని ముగించా. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "మరి ప్రోటాన్లు ఎక్కడి నుంచి వచ్చాయి సార్?" అన్నాడు. చాక్‌పీస్ పట్టుకుని నిలబడిపోయా. లెప్టాన్ల తేడాను ప్రోటాన్ల వైపు మళ్లించే స్ఫాలరాన్లు అనే ప్రక్రియలను వదిలేశా! తొలి విశ్వపు వేడిలో అవి బేరియాన్ (ప్రోటాన్, న్యూట్రాన్ల జాతి), లెప్టాన్ సంఖ్యలను రెంటినీ మారుస్తాయి, వాటి మధ్య తేడాను మాత్రం ముట్టవు. అందుకే లెప్టాన్ల లోటులో కొంత బేరియాన్ల మిగులుగా మారుతుంది. కుజ్మిన్, రుబకోవ్, షపోష్నికోవ్ 1985లో చూపింది ఇదే. దీనికి పది నిమిషాలు ఉంచుకో, మిగతా ఏదైనా తగ్గించు.

భారీ న్యూట్రినోను ఇంతవరకు ఎవరూ చూడలేదని దాచకుండా చెప్పు. సాదా నమూనాలో అది ప్రోటాన్‌కు సుమారు 100 కోట్ల రెట్లైనా బరువుండాలి, ఏ యంత్రమూ అక్కడికి చేరదు. న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం (కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లై, న్యూట్రినోలు బయటికి రాకపోవడం) కనబడితే న్యూట్రినో తనకు తానే ప్రతికణమని తేలుతుంది, అంతే. దాన్ని ఈ మొత్తం కథకు రుజువుగా చూపించొద్దు.

మన పక్కనున్న కోలారు గనుల్లో 1965లో వాతావరణ న్యూట్రినోల (కాస్మిక్ కిరణాలు గాలిని తాకితే పుట్టేవాటి) జాడ పట్టిన సంగతి కూడా చెప్పు. మనవాళ్లకు తెలియాలి.

ఆదివారం పొద్దున బస్సుకు రా. మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంది. తినే ముందు స్ఫాలరాన్ భాగం, కాగితం చూడకుండా, నాకు బోర్డు మీద చెప్పాలి.

మీ పెదనాయన