రిటైర్మెంట్ డబ్బు దివ్యాంగుల సెంటర్‌లో పెట్టమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. మా అబ్బాయికి 23 ఏళ్లు, మేధోపరమైన వైకల్యం ఉంది. నాలాంటి మరికొందరు తల్లులతో కలిసి అద్దె ఇంట్లో చిన్న డే కేర్ సెంటర్ నడుపుతున్నాం. 18 మంది పిల్లలు వస్తారు. పార్వతీపురం, సాలూరు వైపు పల్లెల్లో ఉన్న తల్లిదండ్రుల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టి, వారానికోసారి ఆన్‌లైన్‌లో స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడిస్తాం. నెలకు 47,000 ఖర్చు. విరాళాలు సుమారు 28,000 వస్తాయి, అవన్నీ నా ఫోన్‌పే నంబరుకే. మిగతా 19,000 మా పెన్షన్‌లోంచే పెడుతున్నాం. రిటైర్మెంట్ డబ్బు 22 లక్షలు బ్యాంకులో ఉంది. దాంతో ఊరి చివర స్థలం కొని షెడ్డు వేస్తే అద్దె తప్పుతుందని మావారి ఆలోచన. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు 5 లక్షలు పంపుతానంటున్నాడు. 80జీ, సీఎస్ఆర్ అని ఎవరెవరో ఏదేదో చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు స్థలం సంగతి చెబుతాను. ఆ 22 లక్షలు సెంటర్‌లో పెట్టకండి. మీ మనసు నాకు అర్థమవుతుంది. కానీ ఆ డబ్బుకు ఇప్పటికే ఒక హక్కుదారు ఉన్నాడు, మీ అబ్బాయి. మీ తర్వాత అతనికి 30, 40 ఏళ్ల జీవితం ఉంది. 18 మంది పిల్లల సెంటర్‌కు దాతలు దొరుకుతారు. అతని ఒక్కడి కోసం విరాళం అడిగే పరిస్థితి రాకూడదు.

లెక్క వేసినా స్థలం కొనడం కలిసిరాదు. మీ ఖర్చులో అద్దె 10,000 లోపే ఉంటుందని నా అంచనా. పెద్ద ఖర్చు టీచర్ల జీతాలు, ఫిజియోథెరపిస్టు, ఆయా. షెడ్డు వేసినంత మాత్రాన ఆ జీతాలు తగ్గవు. పైగా స్థలం మీ పేరున ఉంచి సంస్థకు అద్దెకిస్తే, నడిపేవాళ్లే సంస్థ నుంచి లాభం పొందుతున్నారేమోనని పన్ను శాఖ అడుగుతుంది. సంస్థ పేరున కొంటే అది ఇక మీది కాదు. రేపు సంస్థ మూసేసినా సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అలాంటి పనే చేసే మరో సంస్థకు ఇవ్వాలి.

కాబట్టి రెండు సంచులు విడదీయండి. అబ్బాయిది ఒకటి, సెంటర్‌ది ఒకటి. ఇప్పుడు రెండూ మీ ఒక్క ఖాతాలోనే కలిసిపోయాయి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం కలిగించింది ఇదే.

మీ ఖాతాలోకి ఏడాదికి 3,36,000 విరాళాలు వస్తున్నాయి. బంధువులు కానివాళ్లు ఇచ్చిన డబ్బు ఏడాదిలో 50,000 దాటితే మొత్తం మీ ఆదాయం కిందే లెక్క. పన్ను పడుతుందా లేదా అన్నది మీ మిగతా ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కానీ నోటీసు వస్తే ఏ వెయ్యి రూపాయలు ఎవరిచ్చారో, ఎందుకు ఖర్చయిందో చెప్పాల్సింది మీరే. ఇంకో మాట కూడా ఆలోచించండి. మీకేమైనా అయితే ఆ ఖాతా ఆగిపోతుంది, మర్నాటి నుంచి సెంటరూ ఆగిపోతుంది.

సంస్థగా రిజిస్టర్ చేయించండి. ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అని మూడు దారులున్నాయి. మీకు సొసైటీ మేలు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మీ దగ్గర ఆ తల్లులున్నారు. ట్రస్టు అయితే పట్టు ట్రస్టీల చేతుల్లోనే ఉండిపోతుంది. కంపెనీకి కాగితాల భారం ఎక్కువ. కమిటీలో ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు లేకుండా చూసుకోండి. మీరూ మీవారూ ఇద్దరూ ఉండటం కంటే మీరొక్కరే ఉండటం మంచిది. సొసైటీకి పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెర మీద సంస్థ పేరు కనిపిస్తే దాతకు కలిగే నమ్మకం వేరు.

పిల్లలు రోజూ వచ్చే కేంద్రం కాబట్టి, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. జిల్లాలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) కార్యాలయంలో అడగండి. చాలా చిన్న సంస్థలు దీన్ని వదిలేస్తాయి, గ్రాంటుకు దరఖాస్తు చేసే రోజున ఇబ్బంది పడతాయి.

ఇక 12ఏ, 80జీ. ఆదాయపు పన్ను చట్టం 2025 ఏప్రిల్ 1, 2026 తేదీతో అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. దాతలు, ఆడిటర్లు ఇంకా పాత పేర్లే వాడుతున్నారు, నేనూ అవే వాడతాను. 12ఏ మీ సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు. 80జీ మీ దాతకు వచ్చే మినహాయింపు. కొత్త సంస్థకు మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు, ఆ గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, లేదా సేవా పని మొదలైన ఆరు నెలల్లోపు, ఏది ముందైతే అప్పటికి రెగ్యులర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతం ఏటా సేవకే ఖర్చు చేయాలి. మీకు అది సమస్య కాదు, మీరు వచ్చినదానికంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నారు!

80జీ వస్తే విరాళాలు వచ్చిపడతాయని మాత్రం ఆశపడకండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, అదీ చాలావరకు ఇచ్చినదాంట్లో సగానికే. నగదుగా ఇస్తే 2,000 దాటిన విరాళానికి రాదు. జీతగాళ్లు చాలామంది ఇప్పుడు కొత్త విధానంలో ఉన్నారు. అయినా తీసుకోమనే చెబుతాను, ఎందుకంటే సీఎస్ఆర్ నిధులు, అంటే కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే డబ్బు, తీసుకోవడానికి కంపెనీల శాఖ దగ్గర చేయించుకునే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్‌కు ఈ రెండూ కావాలి. దాతల పేరు, పాన్ వివరాలు మొదటి రోజు నుంచీ రాసుకోండి. పేరు తెలియని విరాళాలు, ఉదాహరణకు ఫంక్షన్లలో పెట్టే హుండీ డబ్బు, లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే ఆ పరిమితి దాటితే, దాటిన మేరకు 30 శాతం పన్ను ఉంది. మీ స్థాయిలో లక్ష దాకా భయం లేదు.

సీఎస్ఆర్ కోసం ఇప్పుడే తిరగకండి. ఏ కంపెనీయో పెట్టినది కాకుండా మీలా సొంతంగా పుట్టిన సంస్థకు కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలి. ఆలోగా ఏటా ఆడిట్ చేయించి, ఆ కాగితాలు జాగ్రత్త చేయండి. ఆడిట్ ఫీజు కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

మేనల్లుడి విషయంలో ఒక్క ప్రశ్న అడగండి. అతని పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టు అయితే, తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా సంస్థ ఖాతాకు పంపవచ్చు, అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ మీ ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. అప్పుడు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. దానికి సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో అసలు సేవా కార్యక్రమాలకు 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీరు ఏడాదికి 5,64,000 ఖర్చు చేస్తున్నారు కాబట్టి, లెక్కలు సరిగ్గా ఉంటే మూడేళ్లకు ఆ గీత దాటుతారు. విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచే ఖాతాలోకే రావాలి.

‘వాళ్ల అమ్మ ఖాతాలో వేయించి, అక్కడి నుంచి మనం తీసుకుందాం’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. బంధువుకు సొంత అవసరానికి పంపే డబ్బు వేరు, సంస్థకు చేర్చే డబ్బు వేరు. ఆ 5 లక్షల కోసం సంస్థ భవిష్యత్తును పణంగా పెట్టొద్దు. డబ్బు బదులు అతన్ని పని అడగండి. మీ ఆన్‌లైన్ క్లాసులు రికార్డు చేసి అందరికీ అందేలా సర్దిపెట్టడం, దాతల లెక్కలకు ఒక షీటు తయారుచేయడం అక్కడ కూర్చుని చేయగలడు.

మరి నెలకు తగ్గుతున్న 19,000 సంగతి?

మనవాళ్లు పుట్టినరోజుకు పిల్లలకు భోజనం పెట్టిస్తారు, కేకు తెస్తారు, బట్టలు పంచుతారు. టీచరుకు జీతం ఇస్తామని ఎవరూ రారు. దాతలది తప్పేమీ కాదు, ఇచ్చినది కళ్లకు కనిపించాలని కోరుకుంటారు. అందుకని జీతం అడగకండి, ‘ఒక రోజు సెంటర్ ఖర్చు’ అడగండి. నెలకు 25 పనిదినాలనుకుంటే రోజుకు 1,880 అవుతుంది. అందులో జీతం, అద్దె, పిల్లల చిరుతిండి అన్నీ ఉంటాయి. నెలకు పది పుట్టినరోజులో, పెళ్లిరోజులో, పెద్దల తద్దినాలో దొరికితే మీ లోటు దాదాపు తీరిపోతుంది. ఆ రోజు బోర్డు మీద వాళ్ల పేరు రాయండి. దీనితోపాటు నెలకు 200 చొప్పున యూపీఐ ఆటోపే పెట్టుకునేవాళ్లను మెల్లగా పోగేయండి. 95 మందితో అదే 19,000 వస్తుంది. విరాళాల కోసం పిల్లలు ఏడుస్తున్న ఫొటోలు, వాళ్ల నిస్సహాయత చూపించే వీడియోలు పెట్టొద్దు. ఏ ఫొటోకైనా తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకోండి.

అంతకంటే పెద్ద మొత్తం మీ పక్కనే ఉండొచ్చు. మీ 18 మంది పిల్లల్లో ఎందరికి పెన్షన్ వస్తోంది? ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 ఇస్తున్నారు. ఐదుగురికి అర్హత ఉండి కూడా రావడం లేదనుకోండి, ఏడాదికి 3,60,000 ఆ ఇళ్లకు చేరకుండా పోతోంది. మీరు ఏడాదంతా పోగేసే విరాళాలకంటే ఎక్కువ. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేకనో, దాని వైద్య పరీక్షకు స్లాట్ దొరక్కనో, ఆధార్‌లో పేరు తప్పు ఉండో ఆగిపోయినవే ఇలాంటివి చాలా ఉంటాయి. ఒక్కో పిల్లవాడికి ఒక ఫైలు తెరవండి. సదరం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు), పెన్షన్ ఉన్నాయా చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష వరకు, థెరపీ ఖర్చులతో సహా. వీల్‌చైర్ లాంటివి దాతలను అడిగే ముందు దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకంలో అడగండి, శిబిరాల్లో ప్రభుత్వ సంస్థ అలిమ్కో తయారుచేసే పరికరాలు ఇస్తారు.

ఈ పనికి మీ వాట్సాప్ గ్రూపే సాధనం. సాలూరు కొండ దిగి రాలేని తల్లికి స్లాటు ఎప్పుడు తెరుస్తారో, ఏ కాగితం కావాలో మీ గ్రూపులో తెలుస్తుంది. ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందుగా ఆన్‌లైన్ పనినే ఆపేయాలనిపిస్తుంది, కంటికి కనిపించదు కదా. అది మాత్రం ఆపకండి. అంత తక్కువ డబ్బుతో అంతమందికి చేరే పని ఇంకోటి లేదు.

సంస్థకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,82,000, నిల్వగా ఉండాలి. రెండు మూడేళ్లలో మెల్లగా కూడబెట్టండి. సంస్థ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒకటి విరిస్తే మరొకటి ఉండేలా మూడు ముక్కలుగా వేయండి. చిట్టీ వేయొద్దు, తెలిసినవాళ్లకు వడ్డీకీ ఇవ్వొద్దు. 12ఏ ఉన్న సంస్థ డబ్బు ఎక్కడ పెట్టాలో చట్టంలో జాబితా ఉంది, వాటిలో ఈ రెండూ లేవు.

ఇప్పుడు మీ అబ్బాయి సంచి. 22 లక్షల్లో 15 లక్షలు మీవారి పేరున సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. మిగతా 7 లక్షలు ఆసుపత్రి అవసరాలకు బ్యాంకు డిపాజిట్లుగా ఉంచండి. సెంటర్‌కు ఇవ్వాలనుకుంటే ఒక గీత గీసుకోండి. ఈ ఏడాది నెలకు 19,000, వచ్చే ఏడాది 10,000, ఆ పై ఏడాది 5,000. అది కూడా మీ చెక్కుతో సంస్థ ఖాతాలోకి, రసీదు తీసుకుని. మీ అబ్బాయి అదే సెంటర్‌కు వెళ్లడంలో తప్పులేదు. అందరు పిల్లలతో సమానంగా ఉంటే చాలు, అతని మందులూ ప్రత్యేక ఖర్చులూ సంస్థ ఖాతాలోంచి కట్టకూడదు.

అతనికి 18 దాటింది కాబట్టి చట్టం దృష్టిలో పెద్దవాడు. మీరు కన్న తల్లే అయినా అతని తరఫున బ్యాంకులో సంతకం చేయాలంటే గార్డియన్‌గా నియామకం కావాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ అది ఇస్తుంది. మీవారు ఆ దరఖాస్తు పెట్టేటప్పుడే పెన్షన్ కాగితాలు కూడా తీయించండి. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న సంతానానికి, తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్ వచ్చే వీలుంది. అబ్బాయి పేరు, వైకల్య ధ్రువపత్రం ఆ రికార్డుల్లో ఎక్కాయో లేదో ట్రెజరీలో అడిగి, ఎక్కకపోతే మీవారు ఉండగానే ఎక్కించండి. సొసైటీ రిజిస్ట్రేషన్ ఒక నెల ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈ పని ముందు చేయండి.