రేఖ, లేఖ ఒకటేనా?

సందేహం: ‘పారమీషియం బీజరేఖ డీఎన్‌ఏ ప్రతిలేఖనం చేయబడదు’ అని ఒక వ్యాసంలో చదివాను. ఉన్నదే ఒక్క కణం, దానికి మళ్లీ బీజరేఖ ఏమిటి? ‘రేఖ’ ఇక్కడ సరైన మాటేనా?

సమాధానం: ముందు ఆ ‘చేయబడదు’ సంగతి. ‘ప్రతిలేఖనం జరగదు’ అంటే సరిపోయేదానికి ‘బడు’ ఎందుకు తగిలించాలి? సైన్సు రాసేవాళ్లు ఈ అలవాటు మానుకుంటే బాగుండును.

ఇక రేఖ. బీజరేఖ (జర్మ్‌లైన్) అంటే ఒక తరం నుంచి తర్వాతి తరానికి అందే డీఎన్‌ఏ వరస. ప్రతిలేఖనం అంటే డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవడం. సంస్కృతంలో ‘లిఖ్’ అంటే మొదట గీకడం, గీరడం. తాటాకు మీద గంటంతో గీరినా, రాతి మీద ఉలితో చెక్కినా లేఖనమే. ‘రిఖ్’ దాని జోడు రూపం, రేఖ అక్కడిది. ర, ల ఒకదాని చోట ఒకటి వస్తాయని ‘రలయోరభేదః’ అన్నారు. చంద్రరేఖ అన్నా చంద్రలేఖ అన్నా నెలవంకే. మన ‘వ్రాయు’ తీరూ ఇదే: పాత తెలుగులో బొమ్మ గీయడం కూడా వ్రాయడమే. అంటే మీరు చదివిన వాక్యంలో రేఖ, లేఖనం తోబుట్టువులు.

తమాషా ఏమిటంటే, పారమీషియంలో ఈ తోబుట్టువులు చెరో ఇంట్లో కాపురం పెట్టారు. చాలా ఏకకణ జీవుల్లో బీజం వేరు, దేహం వేరు అనే విభజన ఉండదు. అక్కడైతే మీ సందేహం న్యాయమే. పారమీషియం, టెట్రాహైమీనా వంటి సీలియేట్లలో (ఒంటి మీద సన్నని కేశాలుండే ఏకకణ జీవులు) మాత్రం ఒకే కణంలో రెండు రకాల కేంద్రకాలు. స్థూలకేంద్రకంలో జన్యువుల ప్రతిలేఖనం జరిగి రోజువారీ బతుకు నడుస్తుంది. సూక్ష్మకేంద్రకం వంశాన్ని దాచుకుని మౌనంగా ఉంటుంది. రెండు కణాలు సంయుగ్మం చెందినప్పుడు, అంటే జతకూడి డీఎన్‌ఏ ఇచ్చిపుచ్చుకున్నప్పుడు, పాత స్థూలకేంద్రకం నశిస్తుంది. సూక్ష్మకేంద్రకం సంతతి నుంచే కొత్తది తయారవుతుంది. అప్పుడు డీఎన్‌ఏలో చాలా ముక్కలు తెగిపోతాయి. టెట్రాహైమీనాలో దాదాపు మూడో వంతు, ఆక్సీట్రైకా అనే మరో సీలియేట్‌లో 90 శాతానికి పైగా! తెగకుండా తర్వాతి తరానికి అందేది సూక్ష్మకేంద్రకంలోని డీఎన్‌ఏనే. దాన్ని రేఖ అనడంలో దోషం కనిపించదు. ‘బీజవంశం’ అంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుందేమో.

అయితే ‘జరగదు’ అని ఒక్క మాటలో కొట్టెయ్యడం కూడా పొరపాటే. టెట్రాహైమీనా సంయుగ్మ దశలో సూక్ష్మకేంద్రకంలోనూ కొంతసేపు ప్రతిలేఖనం జరుగుతుంది. ఏ ముక్కలు తీసెయ్యాలో గుర్తుపట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏలు అప్పుడు పుట్టినవే. కాబట్టి ఆ వాక్యంలో ‘పెరిగే దశలో’ అని చేర్చుకుని చదవండి.